పోపు

ఇళ్లల్లో వంట ఆగిపోయి పన్నెండేళ్లయింది. అందరూ గోడలోని యంత్రం ఇచ్చే ముద్దలే తింటున్నారు. ఏడేళ్ల హంసిక స్కూలు ప్రాజెక్టు కోసం ఇటలీ సూపు వండాలంటే, అపార్టుమెంటు వాళ్లు ఒక్క గంట పొయ్యికి ఒప్పుకున్నారు. నూనె మాత్రం కాగకూడదు. కాగితే గోడ పసిగట్టి కాపలావాళ్లను పిలుస్తుంది.

"చివర్లో నూనె పచ్చిగానే పోయాలంటమ్మా," వంట పద్ధతి రాసిన కాగితం చూసి చదివింది హంసిక.

తల్లి చైత్ర రుచి చూసింది. చప్పగా ఉంది. ఆలోచించేలోపే ఆమె చెయ్యి అత్తగారి పాత పోపులపెట్టె తెరిచింది. గరిటెలో నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరప ఘాటు గుప్పుమంది.

గోడమీద ఎర్రదీపం వెలిగింది. మెట్లమీద బూట్ల చప్పుడు.

"కిటికీ తియ్యవే, త్వరగా!"

హంసిక కదల్లేదు. కళ్లు మూసుకుని గాలి పీలుస్తోంది.

"అమ్మా, ఈ వాసన ఏ దేశానిది?"