గట్టు మార్చిన కొంగ

కార్తీక బహుళ పాడ్యమి, గురువారం, పొద్దున్న ఏడు గంటలకు చెరువు పెద్ద కూర్మయ్య తాబేలు వరాలు కొంగ గూటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

వరాలుది ఉత్తరాది సరస్సు. ఇక్కడి నుంచే అక్కడికి మబ్బుల కబురు పంపడం ఆమె కొలువు. ఆమె కూలి చేపల్లో పదికి మూడు అక్కడి ముసలి పక్షుల కోసం వాటాగా పట్టుకుంటారు. ఈ చెరువులోనూ అదే ధర్మం. ఆరు పున్నములు ఉన్నవాళ్లు వాటా ఇవ్వాలి.

"ఆరూ నిండాయమ్మా," అన్నాడు కూర్మయ్య.

"లేదు తాతా! పున్నమి పున్నమికీ గట్టు మార్చాను."

"గట్టు మారితే చెరువు మారుతుందటే, పిచ్చితల్లీ?"

వరాలు ఏడ్చేసింది. "అక్కడ మూడు, ఇక్కడ మూడు పోతే నా పిల్లలేం తినాలి?"

"అయ్యో, ఇదా నీ భయం! ఒకే కూలి మీద రెండు చోట్లా వాటా పట్టకూడదని, మీ సరస్సు పెద్దలూ మేమూ ఎప్పుడో మాట అనుకున్నాం." తామరాకు మీద బురదకాలితో ముద్ర వేసిచ్చాడు. "ఇది అక్కడికి పంపు. నువ్విప్పుడు మా చెరువుదానివని తెలిసి పట్టడం మానేస్తారు."

దేవుడి దయ, వరాలుకు ప్రాణం లేచొచ్చింది. ఆకును అప్పటికప్పుడే మబ్బుతో పంపేసింది.

మర్నాడు పొద్దున్నే పిల్లలతో స్నానం చేసి, మూడు చేపలు ఈ చెరువు ముసలి పక్షులకు తనే ఇచ్చి వచ్చింది. మిగతా ఏడూ ఇంటిల్లిపాదీ నడిగట్టు మీద, ఎండలో కూర్చుని తిన్నారు.