గడ్డకట్టిన ఏటి మీద పెద్దవ్వ

ఉత్తరాన, ఎండ ముఖం చాటేసే చోట, ఏరు గడ్డకట్టింది. ఇవతల మేత అయిపోయింది, ఉన్నదంతా అవతలి ఒడ్డునే. మంచుజింకల మందను ఏటేటా దాటించే ముసలి జింక పెద్దవ్వ ఈసారీ ముందు నడిచింది. నడిచిందనేగానీ కాళ్లు ఈడ్చుకుంటోంది.

"ఎడంగా రండర్రా. ఎంత చలేసినా ఒకచోట చేరకండి, కింద మంచు ఆగదు" అంది. ఏటి మీద విడివిడిగా నడవడం ఆ మందలో తాతలనాటి కట్టుబాటు.

నడి ఏట్లోకి వచ్చేసరికి అవ్వకు ఓపిక అయిపోయింది. కాసేపు ఆగితే ప్రాణం తెరిపిన పడుతుందనిపించి కూలబడింది.

"అయ్యో, అవ్వ పడిపోయింది!" అంటూ మందంతా పరుగెత్తుకొచ్చింది. చలికి ఎవరు పడినా చుట్టూ మూగి వెచ్చబెట్టడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన గుణం. కింద మంచు కిర్రుమంది.

"దగ్గరకొచ్చారంటే కొమ్ములతో కుమ్మేస్తా! పొండి!" అని అవ్వ కసిరింది. ఓపిక వచ్చి కాదు, తను కూర్చున్నంతసేపూ వాళ్లు దూరంగా ఉండలేరని తెలిసి లేచింది.

అందరూ అవతలి ఒడ్డెక్కాక అవ్వ అక్కడి మంచులో ఒరిగిపోయింది. "ఇక రండర్రా, ఒళ్లు కొయ్యబారిపోతోంది" అంది.

"ప్రేమగా వస్తే కుమ్ముతానందిగా!" అని గొణిగి ఓ పడుచు జింక మేత వైపు తిరిగింది. మిగతావాళ్లూ అటే నడిచారు. ఒకరికొకరు ఎడంగా, అవ్వ నేర్పినట్టే.