ముందు గుక్క

శబరి నది వరద నీళ్లు మా ఊరి బడిలోకి వచ్చిన ఏడాది అది. ఆ చలికాలమంతా నా జీలుగు చెట్టుకు కట్టిన కుండలో కల్లు సగమే ఉండేది. పక్క చేను భీమా దొంగతనంగా తాగుతున్నాడని నా అనుమానం. చెట్టు మొదట్లో ముళ్లకంప కట్టాను. అయినా కల్లు తగ్గుతూనే ఉంది.

ఒక సాయంత్రం అతనే మా ఇంటికొచ్చాడు.

"మా పిల్ల కోసే పెళ్లి మామా. నువ్వొచ్చి బిడ్డను దీవించాలె" అని ఆకుదొప్పలో కల్లు పోసి ఇచ్చాడు.

మాలో కల్లు ఇచ్చేవాడు ముందు తానొక గుక్క తాగాలి, అందులో విషం లేదని చూపించడానికి. భీమా తాగలేదు.

"ఏంది, నా చెట్టు కల్లు నాకే పోస్తున్నవా? ముందు నువ్వు తాగు."

"నా చెట్టుదే మామా. నేను తాగుడు మానేసిన."

"ఎప్పుడు?"

"వరదప్పుడు. తాగి పడున్న. ఇంట్లోకి నీళ్లొస్తే కోసేనే నన్ను ఈడ్చుకొచ్చింది. అప్పటిసంది ముట్టలే. లోపల నిమ్మళంగా ఉంది."

"మరి ఊళ్లోవాళ్లకు ఎట్ల పోసినవ్?"

"కోసే గుక్క తాగి ఇచ్చింది. నీ దగ్గరికి మాత్రం రానన్నది. మమ్మల్ని దొంగల లెక్క చూస్తవంట."

నా చేతిలో ఉన్న దొప్ప కోసం భీమా చెయ్యి చాపాడు.

"తే మామా. నువ్వు ఈ కల్లు తాగకపోతే పెళ్లికి రానట్టే గదా. ఒక్క గుక్కే."

దొప్ప అతని పెదవి దాకా పోయింది. నేను లాక్కుని మొత్తం తాగేశాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి చెట్టుకున్న ముళ్లకంప విప్పేశాను. ఆ రోజు కూడా కుండ సగమే ఉంది.