పొడి గుడ్డ

మర ఆపేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక, రాళ్లు పిండిచేసే షెడ్డులోంచి దగ్గు వినిపించింది. గని సూపర్‌వైజరు టార్చి పట్టుకుని విసుక్కుంటూ వెళ్లాడు.

అక్కడి ఆడవాళ్లు పనిలోకి దిగేముందు ముక్కులకు తడిగుడ్డలు కట్టుకునేవారు. ఒకరి గుడ్డకు ఇంకొకరు వెనకనుంచి ముడివేసేవారు. ఆ తడి మాన్పించింది ఈయనే. "గుడ్డలు తడుపుకోడానికి నీళ్లేమన్నా మీ బాబు సొమ్మా?" అన్నాడు. అందరూ పెద్దమ్మా అని పిలిచే ఆమె మాత్రం కాళ్లావేళ్లా పడింది. "దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోతోంది సారూ!" ఆయన నవ్వి ఊరుకున్నాడు. దగ్గి దగ్గి, మొన్ననే ఆమె కన్నుమూసింది.

షెడ్డులో ఎవరూ లేరు. నేలంతా పరుచుకున్న తెల్లటి దుమ్ములో ఆయన బూట్ల జాడలు తప్ప ఇంకేమీ లేవు.

"ఎవరే అక్కడ?" అని గద్దించాడు.

దగ్గు ఆగిపోయింది. బతుకుజీవుడా అనుకుంటూ వెనక్కి తిరగబోయాడు. ముక్కు మీదికి మెత్తగా ఒక గుడ్డ వచ్చింది. తల వెనక ఎవరో తీరిగ్గా ముడి బిగిస్తున్నారు.

"తడపలేదు సారూ," అంది పెద్దమ్మ గొంతు, చెవి పక్కనే. "నీళ్లు దండగ కదా."

చీకట్లో మర దానంతటదే తిరగడం మొదలుపెట్టింది.