ఏడు కిస్తీల ఎర్ర కారు

“మీకు లోన్ రాదమ్మా. ఎర్ర కారు కొని ఏడు కిస్తీలు ఎగ్గొట్టారు. ఇప్పుడు మళ్లీ వ్యాను కావాలా?”

లోన్ ఆఫీసరు ఆ మాట బ్యాంకు హాలంతా వినపడేలా అన్నాడు. స్కూలు వ్యాను నడిపే కోడలికి తల కొట్టేసినట్టయింది. పక్కనే కూర్చున్న అత్తగారికైతే ఒళ్లు మండిపోయింది.

“కారా! నాతో చెప్పకుండా చెప్పుల జత కూడా కొనదయ్యా ఈ పిల్ల. కారు కొని ఎక్కడ దాచిందట, నా మంచం కిందా?”

“క్రెడిట్ రిపోర్టులో ఉంది పెద్దమ్మా. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా?”

“ఆ అప్పు నాది కాదని మూడుసార్లు రాసిచ్చాను,” అంది కోడలు. “మూడుసార్లూ ‘పరిశీలించాం, వివరాలు సరిగ్గానే ఉన్నాయి’ అనే జవాబు. అసలు పరిశీలించింది ఎవరండీ?”

“నేనే. అప్పు ఈ బ్రాంచిది కాబట్టి కంప్లయింటు ఎక్కడ పెట్టినా తిరిగి తిరిగి నా బల్ల మీదికే వస్తుంది,” అన్నాడు దర్జాగా.

సాయంత్రం ఐదింటిలోగా లోన్ తేలకపోతే వ్యాను చేజారిపోతుంది. ఇన్నేళ్లూ జీతానికి నడిపిన వ్యానే. ఓనరు అమ్మేస్తున్నాడు, కొనడానికి ఇంకొకడు కాచుక్కూర్చున్నాడు. అతను కొంటే తమ్ముడి చేత నడిపించుకుంటాడు. అంటే వ్యానూ పోయి, ఉన్న ఉద్యోగమూ ఊడుతుంది. అప్పటికే నాలుగు దాటింది.

కోడలు విసురుగా లేచి మేనేజరమ్మ గదిలోకి నడిచింది. అత్తగారు ఆమె వెనక, “అలా వెళ్లకూడదమ్మా” అంటూ ఆఫీసరు వాళ్ల వెనక.

మేనేజరమ్మ కిందటి వారమే బదిలీ మీద వచ్చింది. ఓపిగ్గా అంతా విని ఫైలు తెప్పించింది. అందులో కోడలి ఫొటో ఉంది, గుర్తింపు కార్డు నకలు ఉంది, ఎవరో గీకిన సంతకం ఉంది. ఓ కవరులో కారు రెండో తాళం కూడా ఉంది. అప్పు తీరేదాకా రెండో తాళం తమ దగ్గరే ఉంచుకోవడం అక్కడి పద్ధతి.

“అన్నీ మీవేగా అమ్మా?” అంది మేనేజరమ్మ.

కోడలు ఆ తాళం వైపు కాసేపు చూసింది. ఉన్నట్టుండి నవ్వేసింది.

“నావే మేడమ్! అయితే కారూ నాదేగా. వ్యాను అడ్వాన్సుకని తెచ్చిన డబ్బుంది. ఏడు కిస్తీలూ ఇప్పుడే కట్టేస్తాను. నా కారు నాకు అప్పగించండి.”

అత్తగారు ఏదో అనబోయింది. కోడలు ఆవిడ కాలు తొక్కింది.

“న్యాయమైన మాటే,” అంది మేనేజరమ్మ. “కారెక్కడుందో పట్టుకురావయ్యా.”

ఆఫీసరు ముఖాన నెత్తురు చుక్క లేదు. “అంత తొందరెందుకు మేడమ్? ఎంతైనా కంప్యూటర్ కదా. ఒక్కోసారి పొరబడుతుంది.”

“ఇందాక అబద్ధం చెప్పదన్నావు కదరా నాయనా!”

“చెప్పదు పెద్దమ్మా. ఎప్పుడూ చెప్పదు. ఇప్పుడే చెప్పింది.”

మూడుసార్లు అర్జీ పెడితే కదలనివాడు మూడు నిమిషాల్లో కదిలాడు. ‘ఈ అప్పు ఈమెది కాదు, తప్పు మాదే’ అని స్వహస్తాలతో రాసి సంతకం పెట్టాడు. మేనేజరమ్మ ముద్ర గుద్ది, రిపోర్టు సరిచేయమని పై ఆఫీసుకు పంపింది. ఆ చేత్తోనే వ్యాను లోను కాగితం మీద ‘మంజూరు’ అని రాసింది.

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్కడి నుంచే ఓనరుకు ఫోన్ చేసింది. “వ్యాను నాది! ఇంకెవరికీ మాటివ్వకండి, వచ్చేస్తున్నా!”

“నా కోడలంటే ఏమనుకున్నారు!” అని అత్తగారు గుమ్మంలోకి వెళ్లి, అడగకపోయినా హాల్లో వాళ్లందరికీ చెప్పింది.

మేనేజరమ్మ మాత్రం ఫైలు ముయ్యలేదు. “ఈమెది కాకపోతే మరి ఆ కారు ఎవరిదయ్యా?”

“ఎవడో మోసగాడు మేడమ్. ఈపాటికి ఎక్కడికో చెక్కేసి ఉంటాడు. దొరకడు లెండి.”

“దొరక్కేం? కారునే అడుగుదాం,” అంటూ కోడలు కవరులోని తాళం తీసింది. కిటికీ తెరిచి, చెయ్యి బయటికి చాపి, తాళం మీది బొత్తాం నొక్కింది.

కింద, ‘లోన్ ఆఫీసరుకు మాత్రమే’ అని బోర్డున్న చోటి నుంచి ఎర్ర కారొకటి కుయ్ కుయ్‌మని పలికింది.