నాలుగో మూల

ఆ సోమవారం పొద్దున ఆకాశంలోంచి బూడిద రాలుతోంది. దోన్ గోయో రాత్రంతా పొగ కక్కాడు. ప్వెబ్లా ఊరి చుట్టుపక్కల ఆ అగ్నిపర్వతాన్ని కూడా పెద్దమనిషిని పిలిచినట్టే దోన్ అని పిలుస్తారు.

ఎర్మెలిందా తలగుడ్డ దులుపుకుని కార్ల ఫ్యాక్టరీలోకి వచ్చేసరికి, ఆమె రోజూ నిలబడే చోట కొత్త మనిషి ఉన్నాడు. నలభై దాటినవాడు. బట్టతల, నిద్రలేని కళ్ళు.

"కెరెతారో నుంచి వచ్చాడు. ఇంజనీరు ఇరినేయో," అన్నాడు సూపర్వైజరు బాల్దొమేరో. "నీ మూల బాగుచేస్తాడట."

కారు ముందద్దం అంచు చుట్టూ రోబో నల్లటి జిగురు గీత పెడుతుంది. మూడు మూలలు బాగానే తిరుగుతుంది. నాలుగో మూల ఇరుకు. అక్కడ దాని చెయ్యి నెమ్మదిస్తుంది. జిగురు ధార మాత్రం నెమ్మదించదు. మూలలో ఉండ కడుతుంది. అద్దాన్ని కారుకు నొక్కగానే ఆ ఉండ పక్కకి పొంగుతుంది. పొంగిందాన్ని గుడ్డతో తుడవడమే ఎర్మెలిందా పని.

"ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి, దోన్యా?" పెద్దావిడని పిలిచినట్టు మర్యాదగా అడిగాడు ఇరినేయో.

"ఇది రాకముందు జిగురు పెట్టింది నేనే. పదకొండేళ్ళు, చేత్తో. ఇప్పుడు ఇది పెడుతుంది, నేను దీని మూతి తుడుస్తున్నా."

"మూల బాగైతే?"

"గుడ్డ మడిచి ఇంటికి పోతా. పింఛనుకి ఇంకా మూడు వారాలు తక్కువ. అరవై రెండేళ్ళదానికి మూడు వారాల పని ఎవడిస్తాడు?"

ఇరినేయో చేతిలో ఉన్న, రోబోని నడిపే తెర వైపు తిరిగి మీటలు నొక్కుకున్నాడు. చదువుకున్నవాళ్ళకి ఇలాంటివి వినబడవులే అనుకుందామె.

మంగళవారం మూలలో ఉండ అలాగే ఉంది. బుధవారం అతను జిగురు వచ్చే ముక్కు మార్చాడు. గురువారం జిగురు వేడి చూశాడు. శుక్రవారం నేలమీద బోర్లా పడుకుని రోబో కాళ్ళకింద బోల్టులు బిగించాడు. ఉండ కదల్లేదు.

పాపం, కష్టపడటంలో లోపం లేదు. మొదటి బస్సుకి వచ్చే ఎర్మెలిందా కంటే ముందే వచ్చి, రోబో ముందు ఒక్కడే నిలబడి ఉండేవాడు. రెండింటికి సైరన్ మోగి అందరూ వెళ్ళిపోయినా కదిలేవాడు కాదు. మధ్యాహ్నం తిండి సంగతి మరిచిపోయేవాడు. రెండో వారం నుంచి ఆమె నాలుగు మొక్కజొన్న టోర్టియా రొట్టెలు ఎక్కువ తేవడం మొదలుపెట్టింది.

బాల్దొమేరో నోరు ఊరుకునేది కాదు.

"ఏమయ్యా, ఇది రోబోనా, మా మామగారి గాడిదా? మలుపు కనబడితే చాలు, నిలబడి ఆలోచిస్తోంది!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇరినేయో తల వంచుకున్నాడు.

"వచ్చే శుక్రవారం సాయంత్రం దాకా చూస్తా. ఆ తర్వాత నువ్వు ఈ గడప తొక్కక్కర్లేదు," అన్నాడు బాల్దొమేరో.

ఎర్మెలిందా చేతిలో గుడ్డ బరువెక్కింది. కిటుకు తనకి తెలిసీ, తన వారాల కోసం దాచుకుంటే ఇంకో మనిషి తిట్లు తినడం ఆమెకి మింగుడు పడలేదు. రెండు రోజులు మనసులోనే పెట్టుకుంది. మూడో రోజు తింటూ తింటూ చెప్పేసింది.

"ఇదిగో నాయనా, మూలకొచ్చాక తిరుగుదామనుకుంటే చెయ్యి ఆగుతుంది. రాకముందే తిరగడం మొదలెట్టాలి. కొంచెం గుండ్రంగా. నడక మారకూడదు. నా చెయ్యి పదకొండేళ్ళు అలాగే తిరిగింది."

వేలితో గాలిలో గీసి చూపించింది.

ఇరినేయో తింటున్నది పక్కన పెట్టాడు.

"ఇది మీరెందుకు చెబుతున్నారు?"

"నీ మొహం చూడలేక."

"నాకు తట్టనే లేదు, దోన్యా," అన్నాడతను మెల్లగా.

మర్నాడు ఆమె తన గుడ్డతో ఇక పని లేదేమో అనుకుంటూ బస్సు దిగింది. మూలలో ఉండ అలాగే ఉంది.

"ఇంత విప్పి చెప్పినా ఎక్కలేదా? నువ్వు నిజంగా చదువుకున్నవాడివేనా?"

"పరీక్షల్లో కూడా ఇలాగే ఉండేది," అని ఇరినేయో నీరసంగా నవ్వాడు.

ఆమె నిట్టూర్చి గుడ్డ అందుకుంది.

మూడో శుక్రవారం సైరన్ మోగింది. ఎర్మెలిందా ఆఖరి వారం నిండింది. హాజరు కార్డు గీసి, గుడ్డ మడిచిపెడదామని వెనక్కి వచ్చింది. ఇరినేయో ఒక అద్దం ఎక్కించి ఆమె కోసమే చూస్తున్నాడు.

"ఒక్కసారి చూడండి."

రోబో చెయ్యి కదిలింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో మూలకు రాకముందే వంపు తీసుకుంది. ఎక్కడా ఆగలేదు. నల్లటి గీత మొదట్నుంచి చివరిదాకా ఒకే లావున పడింది. తుడవడానికి ఏమీ మిగల్లేదు.

బాల్దొమేరో వంగి చూశాడు. "మొత్తానికి అయిందనిపించావు! దేవుడు లోకాన్నే ఆరు రోజుల్లో చేశాడయ్యా, నీకు ఒక్క మూలకి మూడు వారాలు." సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఎర్మెలిందా మూట విప్పింది. టోర్టియాలు, చల్లారిన బీన్స్, కాల్చిన మిరపకాయలు. ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చుని తిన్నారు. అతని తెర బల్లమీద వెలుగుతూనే ఉంది. రెండో టోర్టియా చుట్టబోతూ ఆమె దానివంక చూసింది, చెయ్యి ఆగిపోయింది.

ఇప్పుడు నడిచిన ప్రోగ్రాం పేరు కింద, దాన్ని రాసి దాచిన తేదీ ఉంది: బూడిద రాలిన సోమవారం, సాయంత్రం నాలుగు గంటలు.