లోయలో ఓకే బోర్డు

మలుపు దగ్గర టేపు కట్టాలి, జనాన్ని దూరంగా నిలబెట్టాలి, కారు పల్టీ కొడితే, లోపలివాళ్లు క్షేమమని ఎత్తి చూపే ఓకే బోర్డు కోసం చూడాలి. బోర్డు కనబడకపోతే రేసు ఆపించాలి. ఆ రాత్రి నా డ్యూటీ అదే.

అక్కడ వేగం తగ్గించే టైర్ల గుట్టను, జనానికి మజాగా ఉంటుందని నిర్వాహకులు తీయించేశారు.

"అయితే ఇక నువ్వే నా బ్రేకువిరా," అని నవ్వి, ఆ రేసులో పోటీపడుతున్న మా అక్క కారెక్కింది.

ఆ మలుపులోనే అక్క కారు లోయలోకి దొర్లింది. చీకట్లో తెల్లటి ఓకే బోర్డు పైకి లేచింది.

"క్షేమమే సార్," అని వైర్‌లెస్‌లో రేసు అధికారికి చెప్పాను. తరువాతి కారును వదిలారు.

అప్పుడు కింది నుంచి అక్క కేక వినబడింది. "ఒరేయ్, తలుపు రావట్లేదు! నా ఓకే బోర్డు సీటు కింద ఇరుక్కుంది! రేసు ఆపించరా!"

"ఆపండి సార్!" అని అరిచాను. వైర్‌లెస్‌లో గరగర తప్ప జవాబు లేదు. కారు లైట్లు మలుపుకు వచ్చేస్తున్నాయి. లోయలో బోర్డు నెమ్మదిగా ఊగుతూనే ఉంది.

రేసు చూస్తూ ఈలలు వేసేటప్పుడు, మా అక్కను ఒక్కసారి తలచుకోండి.